అరగంటకో గంట: మన సంఘం 2024-25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన వయోవృద్ధుల సంఘం చేపట్టిన కార్యక్రమాలను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో ఇప్పటికే మీ చేతికి అందింది. ఉగాది కవి సమ్మేళనం, కంటి పరీక్షల శిబిరం, కార్తిక వనభోజనం ఏటా జరిగినట్టే జరిగాయి. అందువల్ల ఈ నివేదికలో ఎక్కువ భాగాన్ని మన హాలులో అరగంటకోసారి మోగుతున్న గంటకే కేటాయించాను. ఈ ఏడాది మరే పని మీదా ఇన్ని మెచ్చుకోళ్లు గానీ, ఇన్ని ఫిర్యాదులు గానీ రాలేదు.

సెప్టెంబరు 21న అల్జీమర్స్ దినం సందర్భంగా మన కోరికపై వచ్చిన డాక్టరుగారు, మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బుతో, ఉన్నారని అంచనా అని చెప్పి, ఆ తర్వాత హాలంతా కలయజూసి, ‘మీరు ఇక్కడ రోజూ ఎన్ని గంటలు కూర్చుంటారు?’ అని అడిగారు. ఎవరూ వెంటనే జవాబు చెప్పలేకపోయాము. తెల్లవారుజామున పార్కులో నాలుగు చుట్లు తిరిగి, దానితో ఆ రోజు వ్యాయామం బాకీ తీరిపోయిందనుకుని, పది గంటలకు హాలుకు వచ్చి, పత్రికలతో మొదలుపెట్టి చతుర్ముఖ పారాయణంలో పడితే మధ్యాహ్నం భోజనం వేళ దాకా కుర్చీ వదలని వాళ్లమే మనలో ఎక్కువ. ఇంటికి వెళ్లాక టీవీ ఉండనే ఉంది. నిజం చెప్పాలంటే, సంఘం పెట్టిన నాటి నుంచి మనం సభ్యులకు చేసిన పెద్ద సేవ నీడపట్టున కుర్చీలు వేయడమే.

ఉదయపు నడక మంచిదేనని, అయితే అది మిగతా రోజంతా కూర్చోవడానికి అనుమతిపత్రం కాదని డాక్టరుగారు వివరించారు. ఆయన ముఖ్యంగా ప్రస్తావించినది 2019లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధన. 55 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 67 మందిని మూడు వేర్వేరు రోజుల్లో, రోజుకు ఎనిమిది గంటల చొప్పున పరిశీలించారు. ఒక రోజు వాళ్లు పూర్తిగా కూర్చునే ఉన్నారు. ఇంకో రోజు ఉదయం అరగంట ట్రెడ్‌మిల్ మీద నడిచి, ఆపైన కూర్చున్నారు. మరో రోజు ఆ అరగంట నడకతో పాటు, తర్వాత ప్రతి అరగంటకూ మూడు నిమిషాలు నెమ్మదిగా నడిచారు. నడక ఉన్న రెండు రోజుల్లోనూ మెదడు కణాల ఎదుగుదలకు తోడ్పడే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ రక్తంలో పెరిగింది. ఉదయపు నడక ఒక్కటే ఉన్న రోజున ఆలోచించి నిర్ణయించే శక్తి, మధ్యమధ్య లేచి నడిచిన రోజున విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకుని వాడుకునే శక్తి, కూర్చునే ఉన్న రోజుకంటే మెరుగ్గా కనిపించాయి. ఒక్కో తీరు నడక వల్ల ఒక్కో లాభం కనిపించింది కనుక, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదు అనుకోవడానికి లేదని మన కార్యవర్గం అర్థం చేసుకుంది.

ఆ వారంలోనే, హెడ్మాస్టరుగా రిటైరైన మన సభ్యుడొకరు ఎక్కడినుంచో ఒక రైలుపట్టా ముక్కను సంపాదించి, పాత బడుల్లో లాగా వేపచెట్టు కొమ్మకు కట్టించారు. గంట కొట్టగానే అందరూ లేచి, మూడు నిమిషాలు హాలు చుట్టూ నడవాలన్నది నియమం. పేకాట బల్ల నుంచి వెంటనే అభ్యంతరం వచ్చింది. ఆట మధ్యలో లేవడం కుదరదని, కావాలంటే రెండు గంటలకోసారి పన్నెండు నిమిషాలు ఏకంగా నడుస్తామని, లెక్కకు లెక్క సరిపోతుందని వారు వాదించారు. ఇది కొట్టిపారేయదగిన వాదన కాదు కనుక డాక్టరుగారినే అడిగాము. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఆఫీసు ఉద్యోగులు 15 మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనను ఆయన చూపించారు. నాలుగు గంటలు కదలకుండా కూర్చున్నప్పుడు మెదడుకు వెళ్లే రక్త ప్రవాహం తగ్గింది. అరగంటకోసారి రెండు నిమిషాలు నడిస్తే తగ్గలేదు. రెండు గంటలకోసారి ఎనిమిది నిమిషాలు నడిస్తే మాత్రం అంతటి ఫలితం కనిపించలేదు. ఆ పదిహేను మందీ మన వయసువాళ్లు కారన్నది నిజమే అయినా, గంట అరగంటకే ఉండాలని తీర్మానించడానికి అది చాలింది. ప్రస్తుతం పేకాట మిత్రులు ముక్కలను పక్కవారి కంట పడకుండా గుండెకు ఆనించుకుని నడుస్తున్నారు. కార్యవర్గానికి దానిపై అభ్యంతరం లేదు.

ఒక పొరపాటును కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. మొదటి నెలలో గంట మోగిన వెంటనే గబుక్కున లేచిన ఒక సభ్యుడికి కళ్లు తిరిగాయి. పక్కనున్నవారు పట్టుకోబట్టి కింద పడలేదు. బీపీ మాత్రలు వేసుకునేవారిలో చటుక్కున లేచినప్పుడు రక్తపోటు పడిపోయే అవకాశం ఉందని, ఆ సంగతి మేము ముందే ఆలోచించి ఉండవలసిందని అంగీకరిస్తున్నాను. అప్పటి నుంచి గంటను రెండుసార్లు కొడుతున్నాము: మొదటి గంటకు కూర్చున్న చోటే మడమలు పైకీ కిందికీ ఆడించాలి, నిమిషం తర్వాత మోగే రెండో గంటకు కుర్చీ చేతిని పట్టుకుని లేవాలి. ఇందుకోసం చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీలను మార్చవలసి వచ్చింది, ఖర్చుల పట్టికలో కనిపించే ఫర్నిచరు పద్దు అదే. మోకాళ్ల నొప్పుల వల్ల నడవలేనివారు కుర్చీలోనే కాళ్లు చాచి ముడుస్తున్నారు.

మహిళా సభ్యులు చెప్పిన మాట కార్యవర్గాన్ని కొంత ఇబ్బంది పెట్టింది. ‘పొద్దున లేచింది మొదలు వంటింట్లో నిలబడే ఉంటాం, ఇక్కడికి వచ్చేదే కాసేపు కూర్చోడానికి, ఇక్కడ కూడా లెమ్మంటారా?’ అని వారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. వారి విషయంలో గంట నియమాన్ని ఐచ్ఛికం చేశాము. గురువారం భజన రెండు గంటలూ చాపల మీదే సాగేది, ఇప్పుడు మధ్యలో ఒక పాటకు వారే కోలాటం పెట్టుకుంటున్నారు. అడుగు, తాళం, పక్కవారి కర్ర, మూడింటినీ ఒకేసారి గుర్తుంచుకోవలసిన ఆ పని, నా దృష్టిలో, మా మగవాళ్ల నడకకంటే మెదడుకు గట్టి పరీక్షే.

గంట వల్ల సభ్యుల జ్ఞాపకశక్తి పెరిగిందని మాత్రం ఈ నివేదిక చెప్పదు. మనం ఏదీ కొలవలేదు. పైగా బ్రిటన్‌లో 60 ఏళ్లు దాటిన సుమారు యాభై వేలమంది చేతికి కదలికను కొలిచే పరికరం కట్టి సేకరించిన వివరాలతో 2023లో వచ్చిన అధ్యయనం మనకు కొంత హెచ్చరిక లాంటిది. రోజుకు పది గంటలు దాటి కూర్చునేవారిలో డిమెన్షియా ఎక్కువగా కనిపించిందని, మధ్యలో ఎన్నిసార్లు లేచారన్నదానికంటే మొత్తం ఎన్ని గంటలు కూర్చున్నారన్నదే ముఖ్యమని అందులో తేలింది. కూర్చోవడమే కారణమని అది రుజువు చేయలేదు, రెండింటికీ సంబంధం ఉందని మాత్రమే చూపింది. అయినా లెక్క వేసుకుంటే, హాలులో గడిపే మూడు గంటల్లో మన గంట మనల్ని నిలబెట్టేది పద్దెనిమిది నిమిషాలే.

అందుచేత వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు చేస్తోంది. హాలు వెనుక ఖాళీ స్థలంలో ఆకుకూరల మడులు వేసి, రోజూ ఒక గంట పనిని వంతులవారీగా సభ్యులకు అప్పగించడం మొదటిది. ఇష్టపడిన సభ్యులకు డాక్టరుగారి పర్యవేక్షణలో ఏడాది మొదట, చివర జ్ఞాపకశక్తి పరీక్ష చేయించడం రెండవది. పార్కుకు వెళ్లే దారిలో విరిగిన ఫుట్‌పాత్ పలకల గురించి సంబంధిత కార్యాలయానికి మూడు అర్జీలు ఇచ్చాము, జవాబు రాలేదు, నాలుగవ దానిపై ఈ సమావేశంలో అందరి సంతకాలు తీసుకుంటాము.

గంట కొట్టే ఇనుప కడ్డీ గత నెలలో రెండుసార్లు కనిపించకుండా పోయి, రెండుసార్లూ పేకాట బల్ల కిందే దొరికింది. ఇకపై అది హెడ్మాస్టరుగారి వద్దే ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి