కలెక్టర్ గారూ, ఆ కోటు నా కంప్యూటర్‌లోది

గౌరవనీయులైన హనుమకొండ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నయీంనగర్‌లో పద్నాలుగేళ్లుగా ఒక చిన్న డీటీపీ, ఫ్లెక్సీ దుకాణం నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, బిల్లు బుక్కులు, ఎన్నికల కరపత్రాలు, ఏది వస్తే అది చేస్తాం. డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో మాత్రం మా పనిలో సగానికి పైగా శిక్షణ సంస్థలదే. ఈ లేఖ ఆ సంస్థల ప్రకటనల గురించి. ఫిర్యాదు చేసే అర్హత నాకెంత ఉందో నాకే అనుమానం. మీరు చౌరస్తా మీదుగా వెళ్తూ చూసే ఆ ఫ్లెక్సీల్లో కొన్ని నా చేతి మీదుగా వచ్చినవే.

ముందు ఒక ఫ్లెక్సీ ఎలా తయారవుతుందో చెప్పనివ్వండి. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. మ్యాటర్ వాట్సాప్‌లో వస్తుంది. ‘100 శాతం’ అన్నది ఎర్ర రంగులో, మనిషి నడుమంత ఎత్తు. దాని కింద ‘ప్లేస్‌మెంట్’ పసుపు రంగులో. ఆ పక్కన ‘అసిస్టెన్స్’ అనే మాట తెల్లగా, జానెడు కూడా ఉండదు. మూడూ కలిపి చదివితే ఉద్యోగం ఇప్పిస్తామని కాదు, వెతుక్కోవడంలో సాయం చేస్తామని మాత్రమే. మొదట్లో తెలియక మూడింటినీ ఒకే సైజులో పెట్టి ప్రూఫ్ పంపితే, ‘అన్నా, ఆ మూడోది తగ్గించు’ అని ఫోను వచ్చింది. తగ్గించాను. మళ్లీ ఫోను. ఇంకా తగ్గించాను. ములుగు నుంచో, భూపాలపల్లి నుంచో వచ్చే బస్సు కిటికీలోంచి చూసే పిల్లలకు మొదటి రెండు మాటలే కనిపిస్తాయి.

తరువాత ఫొటోలు. ‘మా విజేతలు’ అని పన్నెండు ముఖాలు వేయాలి. వచ్చేవన్నీ పాస్‌పోర్టు సైజువి, సెల్ఫీలు, ఏదో పెళ్లిలో దిగిన ఫొటోలోంచి కత్తిరించినవి. వాళ్లకు కోటు తొడిగేది నేనే. మా కంప్యూటర్‌లో ఒక నీలం కోటు, ఎర్ర టై ఫైలు ఉంది. ఎంతమంది మెడ కింద దాన్ని అతికించానో లెక్క లేదు. ముఖం కింద జీతం వేయమంటారు. ఆ అంకె ఎక్కడిదని నేను అడగను, వాళ్లు చెప్పరు. ఒకసారి ఒకే అబ్బాయి ఒకే నెలలో రెండు వేర్వేరు సంస్థలకు ‘మా విద్యార్థి’ అయ్యాడు. రెండు ఫ్లెక్సీలూ నేనే కొట్టాను. రెండింటిలోనూ అదే కోటు.

ఇదంతా వ్యాపారంలో మామూలేనని సర్దుకున్నవాణ్నే. ఈ ఏడాది లామినేషన్ కోసం వచ్చిన ఒక కాగితం దగ్గర ఆ సర్దుబాటు చెడింది.

పరకాల వైపు ఊరి అమ్మాయి, బీఎస్సీ పూర్తి చేసింది. చేతిలో మెడికల్ కోడింగ్, అంటే ఆసుపత్రి రికార్డుల్లోని జబ్బులు, చికిత్సలకు కోడ్ నంబర్లు వేసే పని, నేర్చుకున్నట్టు ఒక సర్టిఫికెట్. చుట్టూ బంగారు రంగు అంచు, మూలల్లో లతలు. ఆ అంచు నేను గీసిందే, లోపలి అక్షరాలు కూడా నేను కూర్చినవే. నడుమ ‘సర్టిఫైడ్ మెడికల్ కోడర్’ అని పెద్దగా ఉంది. కింద డైరెక్టర్ సంతకం, ఒక గుండ్రటి ముద్ర. ‘బుడగలు రాకుండా చేయండి అంకుల్’ అని రెండుసార్లు చెప్పింది. అలాగే చేసి ఇచ్చాను. రెండు నెలల తరువాత బయోడేటా ప్రింట్ తీసుకోవడానికి మళ్లీ వచ్చింది. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు వెళ్తే, ‘ఇది మీరు కోర్సు చేసినట్టు కాగితం, మాకు సీపీసీ కావాలి’ అన్నారట. ‘ఇదే కదా సార్ సీపీసీ’ అందట ఈ అమ్మాయి. 45,000 రూపాయలు కట్టారు. వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్‌లో అడ్తిదారు దగ్గర, ఇంకా చేతికి రాని పత్తి మీద తెచ్చిన డబ్బు అది. బయోడేటాకు డబ్బులు తీసుకోలేకపోయాను, అంతకు మించి చేసిందీ లేదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. సీపీసీ అన్నది అమెరికాకు చెందిన ఏఏపీసీ అనే సంస్థ పెట్టే పరీక్ష. 100 ప్రశ్నలు, 4 గంటల సమయం, 70 శాతం వస్తే ఉత్తీర్ణత. ఫీజు ఆ సంస్థకే, డాలర్లలో కట్టాలి. పాసయ్యాక కూడా పని అనుభవం లేనివారికి ‘సీపీసీ-ఏ’ అనే ఇస్తారు. ఏ అంటే అప్రెంటిస్. అనుభవమో, దానికి బదులుగా ఆ సంస్థ ఒప్పుకునే శిక్షణో చూపిస్తేనే ఆ అక్షరం తొలగుతుంది. నేను కొట్టిన కరపత్రంలో ఇందులో ఒక్క ముక్క లేదు. ‘45 రోజుల్లో సర్టిఫైడ్ కోడర్ కండి’ అని మాత్రం ఉంది.

ఇంకొకటి చూడండి. డిగ్రీ చివరి ఏడాది పిల్లలకు పీఎంపీ, అంటే ప్రాజెక్టులు నడిపించేవారికి ఇచ్చే సర్టిఫికెట్, దాని శిక్షణ అంటూ ఒక కరపత్రం వేశాను. ఆ పరీక్ష పెట్టే పీఎంఐ అనే సంస్థ నిబంధన ప్రకారం నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికైనా ప్రాజెక్టులను నడిపించిన 36 నెలల అనుభవం ఉండాలి. దానికి తోడు 35 గంటల శిక్షణ. అంటే ఆ కరపత్రం పట్టుకుని వచ్చిన పిల్లల్లో చాలామంది ఆ పరీక్షకు దరఖాస్తే పెట్టుకోలేరు.

మోసం మొత్తం ‘సర్టిఫికెట్’ అన్న ఒక్క మాటలో దాక్కుంటోంది. మనం రెండింటికీ అదే మాట వాడతాం. డ్రైవింగ్ స్కూలు వాళ్లు నెల రోజులు నేర్పి ఇచ్చే కాగితం ఒకటి, రవాణా శాఖ పరీక్ష పెట్టి ఇచ్చే లైసెన్సు ఇంకొకటి. ఆ తేడా మా వీధిలో పాలు పోసే ఆయనకు కూడా తెలుసు. మెడికల్ కోడింగ్, క్లౌడ్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అనేసరికి మాటలు కొత్తవి కావడంతో నేర్పినవాడిచ్చే కాగితమే లైసెన్సనుకుంటున్నారు. అలా అనుకోవాలనే ఆ సర్టిఫికెట్లకు బంగారు అంచు వేయించుకుంటున్నారు.

ఇక ముద్రల సంగతి. ‘ఐఎస్ఓ సర్టిఫైడ్’ అని వేయమంటారు. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణాలను రాస్తుందే తప్ప తానుగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, వేరే ఏజెన్సీలు ఇస్తాయి. వీళ్లు చూపించే 9001 నంబరు ప్రమాణం కూడా సంస్థ నిర్వహణ పద్ధతికి సంబంధించింది, పాఠం ఎలా చెబుతారన్న దానికి కాదు. ‘భారత ప్రభుత్వ గుర్తింపు’ అని వేయమన్న ఒకాయనను కాగితం చూపించమంటే ఉద్యం రిజిస్ట్రేషన్ తెచ్చాడు. చిన్న పరిశ్రమలు స్వయంగా వివరాలు నింపి, పైసా కట్టకుండా ఆన్‌లైన్‌లో తెచ్చుకునే నమోదు అది. నా ఫ్లెక్సీ దుకాణానికీ ఉంది. ఆ లెక్కన నాది కూడా భారత ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థే అనుకోవాలి.

అందరూ ఇంతేనని నేను అనను. ‘100 శాతం తీసేయండి, నేను అంత ఇవ్వలేను’ అని ప్రూఫ్ దిద్దించుకున్న మాస్టారు ఒకరు ఉన్నారు. ఆయన బ్యాచ్ నిండలేదు. ఆ పై అంతస్తులో 100 శాతం వేసుకున్నవారికి కుర్చీలు చాలలేదు.

చట్టం లేదా అంటే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుడు హామీ ఇవ్వడంతో పాటు ముఖ్యమైన విషయాన్ని కావాలని దాచడం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనే. అలాంటి ప్రకటనల మీద వచ్చిన 2022 మార్గదర్శకాల ప్రకారం షరతు కూడా వాగ్దానం ఉన్న భాషలోనే, అదే అక్షరాల్లో ఉండాలి. మా దగ్గర వాగ్దానం తెలుగులో మూడడుగుల ఎత్తున, షరతు ఇంగ్లీషులో చీమ తలంత. 2024 నవంబర్ 13న కోచింగ్ రంగానికి విడిగా వచ్చిన మార్గదర్శకాలు ఉద్యోగ హామీలను వద్దన్నాయి. విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా, అదీ ఎంపికైన తరువాత తీసుకున్నది లేకుండా, ఫొటో వాడవద్దన్నాయి. 50 మంది లోపు పిల్లలున్న కేంద్రాలు ఆ మార్గదర్శకాల కిందికి రావని తప్పుకోవచ్చు. 2022 నాటివి అందరికీ వర్తిస్తాయి. సివిల్స్ శిక్షణ సంస్థల్లో కొన్నింటికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జరిమానాలు వేసింది కూడా. విజేతల్లో చాలామంది చేరింది ఇంటర్వ్యూ శిక్షణకేనన్న సంగతి దాచినందుకు. అంత పెద్ద నగరాల్లో తప్పయినది మా నయీంనగర్‌లో ఒప్పు కాలేదు కదా.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఆ చట్టంలోని 16వ సెక్షన్ జిల్లా కలెక్టర్ పేరే చెబుతోంది. మీ పరిధిలో వినియోగదారుల హక్కులకు ఒక వర్గంగా భంగం కలిగితే, తప్పుదోవ పట్టించే ప్రకటనలు ఉంటే, ఫిర్యాదు మీద విచారించి ఆ ప్రాధికార సంస్థకు నివేదిక పంపవచ్చు. మొదటి తప్పుకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఆ సంస్థకు ఉంది. ‘ఒక వర్గంగా’ అన్న మాట నాకు చాలా నచ్చింది. పరకాల అమ్మాయి మీ ఆఫీసు మెట్లు ఎక్కనక్కర లేదు. ఆమె ఎక్కదు కూడా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయమని, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజే ఉండదని చెప్పి చూశాను. ‘నాన్నకు తెలిసిపోతుంది అంకుల్’ అంది. ఇంటర్వ్యూలో ఏమన్నారో ఇంట్లో ఇంకా చెప్పలేదట. అందుకని ఈ లేఖనే ఫిర్యాదుగా తీసుకోండి.

విచారణకు వచ్చే అధికారి ఒక్కో సంస్థను అడగవలసినవి ఎక్కువేమీ లేవు. కిందటేడు ఎంతమంది చేరారు, అసలు పరీక్ష ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు, ఫ్లెక్సీ మీది ఆ జీతానికి ఆధారం ఏది. సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరో, ఆ పరీక్షకు ఎవరు అర్హులో, దాని ఫీజు ఎంతో కరపత్రం మీద తెలుగులో, వాగ్దానం ఉన్న సైజులోనే వేయమనండి. వృత్తి శిక్షణను నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌సీవీఈటీ గుర్తింపు ఉందనే వాళ్లను కాగితం చూపించమనండి. నగరపాలక సంస్థ ఫ్లెక్సీలకు అనుమతి ఇచ్చే బల్ల దగ్గరే ఇది అడిగితే సగం పని అక్కడే అయిపోతుంది. మా దుకాణాలను కూడా పిలిచి ఒక మాట చెప్పండి. వ్యాపారంలో భాగంగా ప్రకటన వేసినవారికి చట్టం కొంత మినహాయింపు ఇస్తోంది. నేను ఒక్కణ్నే ‘వేయను’ అంటే ఆ పని పక్క దుకాణానికి పోతుంది, నెల కిస్తీ నాకు మిగులుతుంది. అందరికీ ఒకే ఉత్తర్వు ఉంటే ఆ బాధ లేదు.

ఇప్పటిదాకా వేసిన ఫ్లెక్సీలు, కరపత్రాల ఫైళ్లన్నీ నా కంప్యూటర్‌లో తేదీలవారీగా ఉన్నాయి. తగ్గించమని వచ్చిన మెసేజీలు కూడా ఉన్నాయి. నీలం కోటు ఫైలు విడిగా ఉంది. దుకాణం ఉదయం పది నుంచి తెరిచి ఉంటుంది, అధికారి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే చాలు.

ఇట్లు,
ఒక ఫ్లెక్సీ దుకాణదారు,
నయీంనగర్, హనుమకొండ