ఎందుకు చేరావని అడక్కు

ఒరే రాఘవా,

ఉత్తరం అందింది. ఇండోనేషియాలోని తూర్పు జావాలో, జెమా ఇస్లామియా అనే సాయుధ ఇస్లామిక్ సంస్థలో ఒకప్పుడు ఉన్నవాళ్లని మూడు వారాల్లో ముప్పైమందిని కలుస్తానంటున్నావు. జనాభా లెక్కలకి వెళ్తున్నావట్రా? ఆరుగురు చాలు. ఒక్కొక్కరిని కనీసం మూడుసార్లు కలువు. మొదటిసారి రికార్డరు బయటికి తియ్యకు.

నీ ప్రశ్నల్లో మొదటిది కొట్టెయ్. "ఎందుకు చేరావు?" అంటే చిలకపలుకులే వస్తాయి: ఆంబోన్‌లో ముస్లిం-క్రైస్తవ అల్లర్లు, వాటి సీడీల్లో చూసిన శవాలు. అబద్ధం కాదు, కానీ ఆ సీడీలు చూసినవాళ్లంతా చేరలేదుగా. "ఎలా" అని అడుగు. మొదట పెంగాజియాన్‌కి, అంటే ఆ మతపాఠాల కూటానికి, ఎవరు తీసుకెళ్లారు? ఎవరింట్లో జరిగేది? ఆ తర్వాత ఏ పాత స్నేహితుణ్ని కలవడం మానేశావు? ఒక కాగితం మీద ఏడాది, ఊరు, పని, పెళ్లి, పరిచయం చేసినవాడు అని గళ్లు గీసి, అతని ముందే నింపు. చుట్టరికాలు తప్పకుండా రాయి. 2002 బాలి పేలుళ్లలో 202 మంది పోయారు కదా, ఆ కేసులో ముఖ్లాస్, అమ్రోజీ, అలీ ఇమ్రోన్ ముగ్గురూ తెంగులున్ ఊరి అన్నదమ్ములు. ముఖ్లాస్ బావమరిది నాసిర్ అబాస్.

ఈ నాసిర్ సంగతి చూడు. అఫ్గాన్ శిబిరంలో తర్ఫీదు పొంది, తర్వాత తనే ఇతరులకి నేర్పినవాడు. 2003లో దొరికాక పోలీసులకి సాయపడ్డాడు. కానీ సాయుధ పోరాటమే తప్పని అనలేదు, మామూలు జనాన్ని చంపడం తప్పన్నాడు. అంటే ఆయుధం దించడం వేరు, ఆలోచన మారడం వేరు. నీ నోట్సులో ఈ రెంటికీ వేర్వేరు గళ్లు పెట్టు. జైల్లో అతను మాట్లాడితే ఖైదీలు విన్నారంటే అఫ్గాన్ వెళ్లొచ్చినవాడనే. ప్రభుత్వం పంపిన మౌల్వీకి ఆ పరపతి ఉండదు.

సంతకాల్ని నమ్మకు. 2012లో వచ్చిన నిబంధనలు, ఇలాంటి ఖైదీలకి శిక్ష తగ్గాలంటే దేశవిధేయత రాసివ్వాలన్నాయి. అలాంటప్పుడు ఆ కాగితం విడుదల చీటీ అవుతుంది గానీ మనసు మారిందనడానికి రుజువెలా అవుతుంది? పైగా జైల్లో పక్కన ఎవరున్నారన్నది చాలా ముఖ్యం. 2016 జనవరి జకార్తా దాడి చేసినవాళ్లలో ఒకడు అంతకుముందు జైలుకెళ్లి వచ్చినవాడే, లోపల, ఐసిస్‌ని సమర్థించిన మతబోధకుడు అమన్ అబ్దుర్రహ్మాన్ బోధలు విన్నవాడే. కాబట్టి బయటికొచ్చాక ఏ మసీదుకి వెళ్తున్నాడు, అప్పు ఎవరి దగ్గర తెచ్చాడు, పిల్లల్ని ఏ బడిలో వేశాడు, ఇవి అడుగు. భార్యతో విడిగా మాట్లాడించు, అదీ ఆడమనిషి చేతే. 2018 సురబయా చర్చి దాడుల్లో తల్లీ పిల్లలూ కూడా ఉన్నారు, కాబట్టి ఇంటావిడకి ఏమీ తెలియదనుకోకు.

దుబాసీని పోలీసుల ద్వారా మాత్రం తీసుకోకు, వాళ్లతో వెళ్తే నువ్వూ పోలీసువే. దారి ఖర్చులివ్వు, మాటకి డబ్బివ్వకు. టీవీల్లో కనబడే "మారినవాళ్ల"ని చివరికి పెట్టుకో, వాళ్లకి పాఠం కంఠస్థం. బయటపడని నేరాల గురించి చెప్పొద్దని మొదట్లోనే చెప్పెయ్, లేకపోతే కోర్టు పిలిస్తే నీ గతీ అతని గతీ ఒకటే. నోట్సులో పేర్లు వద్దు, అంకెలు వెయ్. ఏ అంకె ఎవరిదో తెలిపే చీటీ నోట్సు ఉన్న సంచీలో పెట్టకు. నీ పాత అలవాటు నాకు తెలుసు, ఫోన్లో ఫొటో కూడా తియ్యకు.

గళ్ల కాగితం నమూనా ఒకటి గీసి దీంతోనే పంపుతున్నా, పెళ్లి గడి కాస్త పెద్దది చేసుకో.

నీ
సుబ్బు