రిగ్గు దిగేముందు మా బోరు నీళ్ళు పరీక్ష చేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

2026 జనవరి 5న మలికిపురం మండలం ఇరుసుమండలో మోరి-5 గ్యాస్ బావి అంటుకున్నప్పుడు పత్రికలన్నీ మంటల గురించే రాశాయి. రాయాల్సిందే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో అంటుకున్న బావి 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. అవి చూసినవాళ్ళకి ఎక్కడ పొగ లేచినా కాళ్ళూ చేతులూ ఆడవు. అయితే మంట ఆరాక టీవీల వాళ్ళు వెళ్ళిపోతారు, నాయకులూ వెళ్ళిపోతారు, నేల కింద నీళ్ళు ఎలా ఉన్నాయని అడిగేవాళ్ళు మిగలరు. నేను రాస్తున్నది ఆ నీళ్ళ గురించి.

రాజోలు దీవిలో జూనియర్ కాలేజీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే ఒక టీడీఎస్ మీటరు, క్లోరైడు చూడటానికి సిల్వర్ నైట్రేట్, ఒక పాత బ్యూరెట్టు ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి "మాస్టారూ, ఇయ్యి తాగొచ్చాండీ?" అని అడుగుతుంటారు. కూల్‌డ్రింక్ సీసాని కడక్కుండా తెస్తే నీళ్ళ సంగతి కాదు, కూల్‌డ్రింక్ సంగతే తెలుస్తుందని వాళ్ళతో నాకు రోజూ తగువే. తాగే నీటిలో లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు లవణాలుంటే మంచిది. వేరే గతి లేకపోతే 2000 దాకా ఒప్పుకోవచ్చని మన భారతీయ ప్రమాణం చెబుతుంది. నా దగ్గరికొచ్చే సీసాల్లో 2000 దాటినవి చాలానే ఉంటాయి.

"గ్యాసు వాళ్ళ వల్లేనాండీ?" అనేది రెండో ప్రశ్న. దానికి నేను అవునని చెప్పను, కాదని కూడా చెప్పను. అందుకు చాలామందికి నా మీద కోపం.

మాది మూడు పక్కలా నీళ్ళున్న నేల. గోదావరి పాయలు, సముద్రం, మధ్యలో ఇసుక. ఆ ఇసుకలో పైన పలచగా మంచినీళ్ళు, వాటి కిందే ఉప్పునీళ్ళు ఉంటాయి. వాన, కాలువ నీళ్ళు పైనుంచి ఇంకుతూ ఉంటే ఉప్పు కిందే ఉంటుంది. ఎక్కువ తోడితే పైకి వస్తుంది. కొబ్బరి తోటలూ వరి చేలూ తీసేసి రొయ్యల చెరువులు తవ్వారు, వాటిలోకి ఉప్పునీళ్ళు తోడారు. వేసవిలో కాలువలు కట్టేశాక అందరూ బోర్ల మీదే పడతారు. వీటన్నిటి మధ్యలోనే గ్యాస్ బావులు. గ్యాస్‌తో పాటు లోపలి పొరల్లోని ఉప్పునీరు కూడా పైకి వస్తుంది. తవ్వేటప్పుడు వచ్చే మడ్డు, అంటే బురద, గుంటల్లో పోస్తారు. షీటు పరిచిన గుంట బాగుంటే ఫరవాలేదు. షీటు చిరిగినా, శ్రావణంలో నాలుగు రోజులు విడవకుండా కురిసి గుంట పొంగినా ఆ మడ్డు పక్క చేలోకి పోతుంది. ఇక బావి మంచినీటి పొరని దాటుకుంటూ కిలోమీటర్ల లోతుకి దిగుతుంది. ఆ పొర దగ్గర బావి చుట్టూ వేసే ఇనుప గొట్టం, దాని వెనక పోసే సిమెంటు, ఈ రెండే అడ్డు. సిమెంటు సరిగా పట్టకపోతే కింది గ్యాసో ఉప్పునీరో ఆ సందులోంచి పైకి పాకొచ్చు.

ఇంతమంది ముద్దాయిలున్నప్పుడు ఏం జరుగుతుందో మీరు ఊహించగలరు. రైతులు గ్యాసు అంటారు. గ్యాసు వాళ్ళు రొయ్యల చెరువులు అంటారు. చెరువుల వాళ్ళు సముద్రం అంటారు. సముద్రం మీద కేసు పెట్టలేం గదా! బావి తవ్వకముందు ఆ బోరు నీళ్ళు ఎలా ఉండేవో చెప్పే కాగితం ఒక్కటి ఊరివాళ్ళ చేతిలో ఉంటే ఈ వాదన సగానికి సగం తీరిపోయేది. ఆ కాగితం మాకు లేదు. ఒక బావి చుట్టుపక్కల నీటి పరీక్షల ఫలితాలు ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద ఒక కార్యాలయానికి అర్జీ పెట్టాను. అది తమ దగ్గర లేదని ఇంకో కార్యాలయానికి పంపారు, వాళ్ళు తిప్పి మొదటివాళ్ళకే పంపారు. అప్పీలు చేశాను. నిబంధనల ప్రకారం పరీక్షలు జరుగుతున్నాయని ఒక వాక్యం వచ్చింది, అంకె ఒక్కటీ రాలేదు.

నిబంధనలంటే గుర్తొచ్చింది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం చమురు, గ్యాస్ పనులన్నిటికీ పెద్ద పరిశీలన ఉండేది. 2020 జనవరి 16న కేంద్రం దాన్ని సవరించి, అన్వేషణ కోసం తవ్వే బావులను బీ2 కేటగిరీలోకి మార్చింది. అంటే వాటికి పర్యావరణ ప్రభావ నివేదిక అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఉత్పత్తి మొదలుపెట్టేటప్పుడు మాత్రం అవి కావాలి. మొదటి రంధ్రం మంచినీటి పొరలోంచి దిగేది అన్వేషణ అప్పుడే కదా! ఊరిని అడిగేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది.

అయితే తప్పంతా ఢిల్లీ మీద నెట్టను. ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు మనం ఏం అడుగుతున్నాం? నేను వెళ్ళిన సభల్లో షామియానా కింద ఒకరు కమ్యూనిటీ హాలు అడిగారు, ఒకరు గుడికి ప్రహరీ, కుర్రాళ్ళు ఉద్యోగాలు. సభకి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి. ఆ తెలుగు సారాంశాన్ని చదివి వచ్చినవాళ్ళు ఎంతమంది? అందులో భూగర్భ జలాల పేజీ చూసి, ఈ నమూనా మా ఊళ్ళో ఏ బోరు నుంచి తీశారు, ఏ నెలలో తీశారు అని అడిగితే సభ రంగు మారిపోతుంది.

పట్టుబడితే ఫలితం రాదనుకోకండి. స్థానికులు వేసిన పిటిషన్ మీదే 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో కాలుష్యానికి ఓఎన్జీసీ రూ.22 కోట్లకు పైగా పరిహారం కట్టాలని ఆదేశించింది. కావేరీ డెల్టాలో నెడువాసల్ జనం గ్యాస్ తవ్వకాలు వద్దని 2017లో వారాల తరబడి ధర్నాకి కూర్చున్నారు. 2020లో తమిళనాడు ఆ డెల్టాని రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టమే చేసింది, కొత్త చమురు, గ్యాస్ తవ్వకాలకి అక్కడ తలుపు మూసింది. మనకీ అలాంటి చట్టం కావాలని మిత్రులు అంటారు. వస్తే సంతోషమే. దశాబ్దాలుగా గ్యాస్ తీస్తున్న మా కోనసీమలో అది ఇప్పట్లో వస్తుందని నాకు నమ్మకం లేదు. నేను అడిగేది దానికన్నా చాలా చిన్నది.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటోంది. అక్కడా గ్యాస్ బావులు బోలెడు. 2012లో చేసిన చట్టం ప్రకారం షేల్ అనే రాతిపొరలోంచి గ్యాస్ తీసే బావికి 2,500 అడుగుల లోపు ఉన్న ఇంటి నీళ్ళు తవ్వకం ముగిసిన 12 నెలల్లోగా చెడిపోతే, దానికి కారణం కంపెనీయేనని ముందుగా అనుకుంటారు. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం కంపెనీది. అందుకని తవ్వకముందే కంపెనీ మనుషులు తలుపు తట్టి, "మీ నీళ్ళు ఒకసారి పరీక్ష చేసుకుంటామండీ" అని అడుగుతారట. వాళ్ళ దయ కాదది, వాళ్ళ అవసరం. ఈ సంగతి విన్నప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస.

మనకి ఇది అసాధ్యమేమీ కాదు. జలజీవన్ మిషన్ కింద ఊళ్ళలో ఆడవాళ్ళకి నీటి పరీక్ష కిట్లు ఇచ్చి నేర్పించారు. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ల్యాబులున్నాయి. లవణాలు, క్లోరైడు వీటితో తేలిపోతాయి. మీథేన్, బెంజీన్ లాంటివి కిట్టుతో తెలియవు, వాటికి పెద్ద ల్యాబు కావాలి. ఆ ఖర్చు బావి తవ్వేవాళ్ళు పెట్టుకోవాలి, నమూనా మాత్రం ఊరి మనుషుల ఎదుట తీయాలి. రిగ్గు దిగకముందు ఒకసారి, తవ్వకం అయ్యాక ఒకసారి, ఆ తర్వాత ఏటా కాలువలు కట్టేసిన వేసవిలో ఒకసారి. ఫలితం కాగితం బోరు యజమానికి ఒకటి, పంచాయతీ గోడకి ఒకటి. పాత బావుల చుట్టూ కూడా ఇప్పుడైనా మొదలుపెట్టాలి, ముఖ్యంగా ఇరుసుమండలో.

తమరు ఒక సాయం చేయాలి. కోనసీమలో ఎన్ని గ్యాస్ బావుల దగ్గర తవ్వకానికి ముందు తీసిన నీటి పరీక్ష నివేదికలున్నాయో కాలుష్య నియంత్రణ మండలిని, కలెక్టరు గారిని మీ పత్రిక తరఫున అడగండి. మాలాంటివాళ్ళ అర్జీకి రాని జవాబు మీకు రావచ్చు. ఉంటే ఆ అంకెలు జిల్లా పేజీలో అచ్చు వేయండి. నేను రాసిపెట్టుకున్న కొలతల పుస్తకం జిరాక్స్ తీసి మీ రాజోలు విలేకరికి ఇస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
రాజోలు దీవి, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా