పిడుగుకి మెసేజ్ ఉంది, పుప్పొడికి దిక్కు లేదు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం విశాఖ పేజీలో మీరు వేసిన ఈదురుగాలుల వార్త చదివి ఆ రోజే రాద్దామనుకున్నాను. ఇంట్లో దగ్గులు, ఆయాసాలు సర్దుకునేసరికి ఇన్నాళ్లు పట్టింది. ఆ వార్త చివర ఒక అధికారి గారు “ప్రజలు అప్రమత్తంగా ఉండాలి” అన్నారు. ఎలా ఉండమంటారండీ? ఫోనుకి మెసేజ్ వచ్చేసరికే కరెంటు పోయింది, ఎదురింటి డాబా మీద రేకు ఎగిరొచ్చి మా మెట్ల మీద పడింది. తీరా మెసేజ్‌లో ఉన్నదేమిటంటే “జిల్లాలో అక్కడక్కడా” పిడుగులట. అక్కడక్కడా అంటే ఎక్కడ? భీమిలిలోనా, పెందుర్తిలోనా, గాజువాకలోనా?

మనదేమీ వాతావరణం ఊసు తెలియని ఊరు కాదు. తుపాను హెచ్చరికల కేంద్రం ఇక్కడే ఉంది, కైలాసగిరి మీద మేఘాల్ని, వానని పసిగట్టే డాప్లర్ రాడార్ ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వైజాగ్ వైపే వస్తోందని ముందే చెప్పగలిగారు, ఒప్పుకుంటాను. కానీ ఉగాది దాటాక వచ్చే గాలివాన తుపానులాగా రోజుల తరబడి సముద్రం మీద కనబడుతూ రాదు. మధ్యాహ్నం ఎండకి లేచిన మేఘం సాయంత్రానికల్లా మీద పడిపోతుంది. వడగాడ్పులకైతే ఏ మండలంలో ఎంత ఎండ కాస్తుందో రోజూ జాబితా ఇస్తున్నారు కదా, ఆ శ్రద్ధ గాలివాన మీద ఎందుకు లేదు? 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం నాడు సింహాచలంలో తెల్లవారుజామున వానకి గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయారు. ఆ గోడ ఎలా కట్టారన్నది వేరే సంగతి. వేలమంది క్యూలో నిలబడే చోట ఆకాశం వంక చూసి చెప్పే మనిషిని ఒకరిని పెట్టాలన్న ఆలోచన ఇప్పటికైనా వచ్చిందా అని అడుగుతున్నా.

ఇక ఎవరూ పట్టించుకోనిది పుప్పొడి. గాలివాన వెలిస్తే గాలి శుభ్రపడుతుందని అందరూ అనుకుంటారు గానీ ఆయాసం ఉన్నవాళ్లకి ఒక్కోసారి అప్పుడే మొదలవుతుంది. పుప్పొడి రేణువు తేమకి ఉబ్బి పగిలి మరీ సన్నని పొడైపోతుంది, మేఘం కింద నుంచి తన్నుకొచ్చే చల్లగాలి దాన్ని నేల మట్టానికి తోసేస్తుంది. పెద్ద రేణువైతే ముక్కులోనే ఆగేది, ఈ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇది నా సొంత కవిత్వం కాదు. 2016 నవంబరు 21న, అంటే వాళ్ల వసంతంలో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒక్క సాయంత్రం గాలివానకి వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం అలాంటి రోజుల గురించి ముందే చెప్పే ఏర్పాటు చేసుకుంది. ఇక్కడ అడిగితే “పుప్పొడి మా పరిధిలోకి రాదండీ” అన్నారు ఒక ఆఫీసులో. ఇంకో ఆఫీసులో అయితే నవ్వారు.

తిట్టడానికి మాత్రం మనకి ఒక చెట్టు ఎప్పుడూ రెడీగా ఉంటుంది. హుద్‌హుద్ తర్వాత రోడ్ల పక్కన వరసాగ్గా నాటిన ఏడాకుల పాల మీద మీ పత్రికలో ఎన్ని ఉత్తరాలు రాలేదు! దాని వాసన ఘాటే, కాదనను. కానీ అది పూసేది అక్టోబరు, డిసెంబరుల మధ్య. మార్చిలో తుమ్మినా దాన్నే కొట్టేయమంటే ఎలా? ఇప్పుడు చూడాల్సింది గడ్డి, ఒడ్డున సరుగుడు, సర్కారు తుమ్మ, మధురవాడ, కొమ్మాది వైపు ఖాళీ స్థలాల్లో నడుములోతు పెరిగిన వయ్యారిభామ. ఆ స్థలాల ఓనర్లకి నోటీసులు వెళ్తాయా అంటే నాకు నమ్మకం లేదు. కోనోకార్పస్ అనే అలంకరణ చెట్టుని, దాని పుప్పొడి ఆరోగ్యానికి మంచిది కాదని గుజరాత్ అటవీ శాఖ 2023లోనే వద్దంది, మనం ఇంకా గేటు ముందు ముచ్చటగా కత్తిరించుకుంటున్నాం.

ఏది ఎప్పుడు గాలిలో ఎంతుందో లెక్క తీస్తేనే కదా తెలిసేది! దానికేమీ రాకెట్లు అక్కర్లేదు. గాలిని లాగే చిన్న యంత్రం, లోపల జిగురు టేపు, మైక్రోస్కోపు ముందు కూర్చుని లెక్కపెట్టే ఓపిక ఉంటే చాలు. చండీగఢ్‌లో పీజీఐ అనే పెద్ద ఆసుపత్రి వైద్యులు, పంజాబ్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి ఏ నెలలో ఏ పుప్పొడి ఉంటుందో క్యాలెండరే తయారుచేశారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం ఉంది, వాతావరణ శాస్త్రం ఉంది, పక్కనే చినవాల్తేరులో ఛాతీ ఆసుపత్రి ఉంది. ఈ ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెట్టే నాథుడే లేడు. బీచ్ రోడ్డులో లైట్లు మార్చడానికీ, డివైడర్లకి మళ్లీ మళ్లీ రంగులేయడానికీ మాత్రం డబ్బులకి లోటుండదు. పోర్టు బొగ్గు పొడికి ఇన్నేళ్లుగా అలవాటుపడ్డ ముక్కులు కదా, దీనికీ అలవాటుపడతాయిలే అనుకుంటున్నారేమో.

మీకూ ఒక మాట. బంగారం, వెండి, కోడిగుడ్డు ధరలు రోజూ తప్పకుండా వేస్తారు. ఆ పక్కనే ఏ ప్రాంతంలో ఎన్ని గంటలకి గాలివాన రావచ్చు, గాలిలో ఏ పుప్పొడి ఎక్కువుంది అని నాలుగు లైన్లు వేయండి. లెక్క ఎవరూ ఇవ్వకపోతే “ఈ రోజూ ఇవ్వలేదు” అనైనా రోజూ వేయండి. చోటు లేదంటారా, సినిమా పేజీలో ఫొటో కాస్త చిన్నది చేస్తే సరిపోతుంది.

– ఒక పాత పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం