పాలు పోయకు, ఒక్కసారికి

ఒరేయ్ కాఫీ రాక్షసుడా,

నాలుగు రోజులుగా ఫోను ఎత్తడం లేదని అలిగావట, మీ అమ్మగారు చెప్పారు. నేను పాడేరు అవతలి కొండల్లో ఉన్నాను. అక్కడ సిగ్నల్ కావాలంటే ఊరి చివర పనస చెట్టు దాకా నడిచి, ఫోను నెత్తిన పెట్టుకుని నిలబడాలి. జరిగింది ఫోనులో చెబుదామంటే నువ్వు మధ్యలో అడ్డు తగలకుండా ఉండలేవు. అందుకే కాగితం తీశాను. ఇక్కడ నీ ఆటలు సాగవు.

పోయిన సంక్రాంతికి నేను తెచ్చిన గింజల ప్యాకెట్ చూసి నువ్వన్న మాట గుర్తుందా? "పావు కిలోకి ఇంత ధరా? ఈ డబ్బుతో మా ఇంటిల్లిపాదీ నెల్లాళ్ళు కాఫీ తాగుతాం" అన్నావు. అప్పుడు నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు జవాబు దొరికింది. కాస్త పెద్దది, ఓపిక పట్టు.

మా ఆఫీసులో ఒకతనికి తెలిసిన గిరిజన కుటుంబం ఉంది. రెండెకరాల కాఫీ తోట వాళ్ళది. భార్యాభర్తలు, ఆయన తమ్ముడు, తల్లి, సెలవులకు హాస్టల్ నుంచి వచ్చే ఇద్దరు ఆడపిల్లలు, అంతే పనివాళ్ళు. చోడవరం దాటి మాడుగులలో బస్సు దిగి, వట్టి చేతులతో వెళ్ళకూడదని అర కిలో హల్వా కట్టించుకున్నాను. (పావు కిలో దారిలోనే అయిపోయింది. ఆ లెక్క నీకూ నాకూ మధ్యే ఉండాలి.) ఘాట్ రోడ్డు ఎక్కి పాడేరు చేరేసరికి చెవులు చల్లబడ్డాయి. అక్కడి నుంచి ఊరి దాకా జీపు.

ఊరు చేరగానే "తోట ఎంత దూరం?" అని అడిగాను. ఇంటాయన నవ్వి "తోటలోనే నిలబడ్డారండీ" అన్నాడు. నేను టీ తోటల్లా కత్తిరించిన వరసలు ఉంటాయనుకున్నాను. అదేమో అడవి. తాటిచెట్టంత సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్ళ నుంచి పైదాకా అల్లుకున్న మిరియాల తీగలు, మధ్యలో పనస, వీటన్నిటి నీడన నా భుజం దాకా వచ్చే కాఫీ మొక్కలు. ఇక్కడ వేసే కాఫీ రకం అరబికా, దానికి నేరుగా ఎండ పడదు. నీడ ఉంటే పండు నిదానంగా మాగుతుంది, గింజ గట్టిపడుతుంది. ఎండ తగిలే మొక్కనే కాండం తొలిచే పురుగు ముందు పట్టుకుంటుందట. వీళ్ళ నాన్న కాలంలో ఇక్కడంతా పోడు. చెట్టు కొట్టడం, కాల్చడం, రెండు మూడేళ్ళు పండించి ఇంకో చోటికి పోవడం. తర్వాత ఐటీడీఏ (ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ), కాఫీ బోర్డు మొక్కలిచ్చి కాఫీ వేయించాయి. కొట్టే చేతులే ఇప్పుడు నీడ కోసం చెట్లు పెంచుతున్నాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. కాఫీ అంటే గింజ అని కదా మన లెక్క. కాదు, పండు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఓ వాన పడితే కొమ్మంతా తెల్లగా పూస్తుంది, మల్లె వాసన వేస్తుంది, రెండు మూడు రోజుల్లో రాలిపోతుంది. ఆ పువ్వు పండయ్యేది నవంబరు తర్వాతే. అది కూడా ఒకేసారి కాదు. ఒకే కణుపు దగ్గర ఒకటి ఎర్రగా, పక్కది పసుపుగా, ఇంకోటి ఆకుపచ్చగా ఉంటాయి. కొమ్మను గుప్పిట పట్టి ఒక్క లాగు లాగితే అరగంటలో బుట్ట నిండుతుంది. చాలా చోట్ల అలాగే దూస్తారు. వీళ్ళు మాత్రం ఒక్కో మొక్క దగ్గరికి నాలుగైదు సార్లు తిరిగి, ఎర్రబడ్డవే ఏరతారు.

నేనూ ఏరతానన్నాను. రెండు గంటలు నడుము విరిగేలా ఏరి, మూడు కిలోలు ఉంటాయేమో, గర్వంగా తెచ్చి పెద్దావిడ ముందు పెట్టాను. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా బుట్టను చాప మీద బోర్లించింది. చూపుడు వేలితో ఒక్కొక్కటీ పక్కకు నెట్టసాగింది. "ఇది పచ్చిది. ఇదీ పచ్చిది. ఇది మొన్నే ఎండిపోయింది." ఒక పండు దగ్గర ఆగి, తొడిమతో పాటు ఊడి వచ్చిన కణుపు ముక్కను నా కళ్ళ ముందు పెట్టింది. "బాబూ, ఇక్కడ చీలిస్తే వచ్చే ఏడు ఇక్కడ పువ్వు రాదు." చివరికి నా కుప్పలో సగం మిగిలింది. ఆవిడ మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నా ఇంజనీరింగ్ పట్టా ఎందుకూ పనికిరాలేదురా.

మంచి పండు ఒకటి కొరికి చూశాను. పైన పల్చటి తీపి, లోపల జిగురు, ఆ జిగురులో ముఖాముఖీ అతుక్కున్న రెండు గింజలు. ఒక్కోసారి ఒకటే ఉంటుంది, గుండ్రంగా, బఠాణీలా. ఒంటి గింజ. వాటిని విడిగా ఏరి అమ్ముతారు.

ఏరిన పళ్ళను సాయంత్రం నీళ్ళలో పోస్తారు. తేలినవి బోలువి, తీసేస్తారు. మునిగినవాటిని చేత్తో తిప్పే పల్పర్‌లో వేస్తే తొక్క ఒక పక్కకి, జిగురు గింజలు ఇంకో పక్కకి పడతాయి. ఆ గింజలు రాత్రంతా తొట్టిలో పులుస్తాయి. పొద్దున్నే ఇంటాయన నా చేయి పట్టుకుని తొట్టిలో పెట్టించాడు. నిన్న బెండకాయ జిగురులా జారిన గింజలు ఇప్పుడు వేళ్ళ మధ్య గులకరాళ్ళలా గరగరమంటున్నాయి. ఆ గరగర వినిపిస్తే కడగాలి. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే పులుపు గింజకు పట్టేస్తుంది. ఇదంతా గడియారం చూసి కాదు, చేత్తో తెలుసుకుంటారు.

తర్వాత ఎత్తు మంచెల మీద వల పరిచి ఎండబెడతారు. పగలంతా కలియబెట్టాలి, పొద్దువాలితే మంచు పడకుండా కప్పాలి. వారం పది రోజులు ఇదే పని. నేలమీద ఆరబెట్టినవాటికి మట్టి వాసన పడుతుంది. ఇంత శ్రమ ఎందుకనుకుంటే పళ్ళను తొక్కతోనే ఎండేసి 'చెర్రీ' అని షావుకారుకి అమ్మేయవచ్చు, కడిగి ఆరబెట్టిన 'పార్చ్‌మెంట్' కన్నా తక్కువ ధరకి.

ఇప్పుడు నీ లెక్క. ఆరు కిలోల పళ్ళు ఏరితే కిలో పచ్చి గింజ వస్తుంది. వేయిస్తే అందులో ఆరో వంతు ఆవిరైపోతుంది. అంటే నువ్వు వెక్కిరించిన ఆ పావు కిలో ప్యాకెట్‌లో దాదాపు రెండు కిలోల ఎర్రటి పళ్ళు ఉన్నాయి. నా చేతి వాటం ప్రకారం రెండు పూటల పని! నీ డబ్బాలో సగానికి సగం చికోరీ, అంటే ఒక వేరు పొడి. దానితో దీన్ని తూచకు.

ఇలాంటి మేలురకం కాఫీకి వాడే "స్పెషాలిటీ" అనే మాట వ్యాపారులు పెట్టిన ముద్దు పేరు అనుకునేవాడిని. దానికీ ఒక కొలత ఉంది. పొడి మీద వేడి నీళ్ళు పోసి, నాలుగు నిమిషాలాగి పైన కట్టిన మీగడను చెంచాతో చీల్చి వాసన చూస్తారు. తర్వాత మీ తాతయ్య ఉలవచారు జుర్రినట్టు చప్పుడు చేస్తూ జుర్రి మార్కులు వేస్తారు. నూటికి 80 గానీ, అంతకు మించి గానీ వస్తేనే ఆ పేరు. ఈ కొండల్లో పండే అరకు కాఫీకి 2017లోనే పారిస్‌లో దుకాణం తెరిచారు, అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విచిత్రం ఏమిటంటే, ఆ ఇంట్లో పెద్దావిడ కాఫీ ముట్టదు. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి తోటకు బయలుదేరుతుంది.

ఒక సంగతి దాస్తే పాపం. సంక్రాంతికి తెచ్చిన ఆ ప్యాకెట్ నేనే పాడు చేశాను. మన ఇత్తడి ఫిల్టర్‌లో సలసల కాగే నీళ్ళు పోసి, చిక్కటి పాలు, రెండు చెంచాల చక్కెర కలిపాను. పల్చటి పాలు తాగినట్టుంది. తప్పు కాఫీది అనుకున్నాను. దోసెల పెనం మీద పూతరేకు వేయించి, బాగాలేదన్నట్టు.

నీకు ఈ ఉత్తరంతో ఒక పొట్లం పంపుతున్నాను. వేయించి నాలుగు రోజులే అయింది, ఇంకో వారం విప్పకు. ఆ తర్వాత ఆదివారం పొద్దున్న 15 గ్రాములు బరకగా మర పట్టు. నీళ్ళు మరిగాక ఒక నిమిషం ఆగి, ముందు కొంచెం పోసి పొడి పొంగనివ్వు. ఆ తర్వాత పావు లీటరుకు కాస్త తక్కువ నీళ్ళు నిదానంగా పోయ్. పాలు పోయకు, ఒక్కసారికి. వేడిగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. గోరువెచ్చనయ్యాక తాగు. ప్యాకెట్ల మీద నారింజ, బాదం అని రాస్తారే, నాకు నారింజ జాడ తగల్లేదు. బెల్లం పాకం మాత్రం గొంతు దాకా వచ్చి నిలిచింది.

పొట్లంలో చిన్న కాగితం మడత కూడా ఉంది. అవి ఆ తోట మిరియాలు, అమ్మగారికి ఇవ్వు, చారులో వేస్తారు. నీకు చక్కెర మీద మనసు లాగుతుందని నాకు తెలుసు. ఆ ఆదివారం వరకు చక్కెర డబ్బా పక్కింట్లో పెట్టి రా.

నీ
పావు కిలో హల్వా దొంగ