ద్రాక్ష ఆకులు పసుపెక్కాయని ఫోన్లు చేస్తున్నవారికి

ములుగు రోడ్డులోని మా నర్సరీలో ద్రాక్ష మొక్కలు కొన్నవారందరికీ నమస్కారం. ఫ్రాన్స్‌లో ద్రాక్ష తోటలను వేళ్లతో సహా పీకేస్తున్న వీడియో ఒకటి మన మిద్దెతోట గ్రూపుల్లో తిరుగుతోంది. అది చూసినప్పటి నుంచి హనుమకొండ, కాజీపేట వాళ్లు ఫొటోల మీద ఫొటోలు పంపుతున్నారు. "అన్నా, మా తీగ గూడ పీకేయాల్నా?" అని ఒక అక్క అడిగింది. తొందరపడకండి, ముందు ఇది చదవండి.

వీడియోలోది ఫ్లావెసెన్స్ డోరీ అనే తెగులు. 1950లలో ఫ్రాన్స్ నైరుతి మూలన ఆర్మాన్యాక్ ప్రాంతంలో బయటపడింది. దీనికి కారణం ఫైటోప్లాస్మా. అంటే కణానికి గోడ లేని ఒక రకం బ్యాక్టీరియా. ఆకులో తయారైన ఆహారం పారే నాళాల్లో ఉంటుంది. మన పత్తి రైతులు పచ్చదోమ అంటారే, ఆ కుటుంబానికే చెందిన ఒక పురుగు దీన్ని తీగ నుంచి తీగకు మోస్తుంది. ఆ పురుగు అమెరికా నుంచి యూరప్‌కు చేరింది. అంటు మొక్కలతోనూ తెగులు పోతుంది.

ఫైటోప్లాస్మాలు మనకు కొత్త కాదు. వంగలో, నువ్వుల్లో వచ్చే వెర్రి తెగులు వీటి పనే. జగిత్యాల వైపు నువ్వు చేలల్లో పూత రావాల్సిన చోట చిట్టి ఆకులు గుత్తులుగా రావడం చాలామంది చూసే ఉంటారు. కానీ ద్రాక్షలో ఆ గుర్తులు వెతకొద్దు, ఇక్కడ తెగులు వేరేలా కనిపిస్తుంది.

మీ ఫొటోల్లో ఎక్కువ వాటిలో లేత ఆకు పసుపుగా, ఈనెలు పచ్చగా ఉన్నాయి. అది ఇనుము లోపం, సున్నం ఎక్కువున్న మట్టిలో మామూలే. ముదురాకు అంచులు మాడితే పొటాష్ సంగతి చూడండి. ఒక్క ఫొటో మాత్రం నన్ను కంగారు పెట్టింది. నల్ల ద్రాక్ష తీగ, ఒకే కొమ్మ మీద ఆకులన్నీ ఎర్రబడి అంచులు కిందికి ముడుచుకున్నాయి. వెళ్లి చూస్తే, పందిరికి కట్టిన నైలాన్ దారం ఆ కొమ్మ బెరడులోకి దిగిపోయి ఉంది. ఆకులు చేసిన చక్కెర కిందికి పారక పైనే నిలిచిపోతే ఆ ఎరుపు వస్తుంది. ఫైటోప్లాస్మా చెడగొట్టేదీ ఆ దారినే, అందుకే చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. ముందు మీ కట్లు వదులు చేసుకోండి.

నిజంగా అనుమానించాలంటే ఒకే కొమ్మ మీద కొన్ని గుర్తులు కలిసి రావాలి. ఆకు కిందికి ముడుచుకుని, తెల్ల రకంలో పసుపుగా, నల్ల రకంలో ఎర్రగా మారి, పట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది. గుత్తి వాడి ఎండిపోతుంది. అన్నిటికన్నా నేను చూసేది కొమ్మను. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత వచ్చిన కొమ్మ అక్టోబర్ కత్తిరింపు నాటికి గోధుమరంగుకు తిరిగి గట్టిపడాలి. అప్పటికీ పచ్చగా, రబ్బరులా వేలాడుతుంటే నాకు చెప్పండి.

అప్పుడైనా నేను అనగలిగేది అనుమానం అనే. బ్వా న్వార్ అని ఇంకో తెగులుంది. దాని ఫైటోప్లాస్మా వేరు, మోసే పురుగు వేరు, గుర్తులు మాత్రం అవే. తేల్చేది పీసీఆర్ పరీక్షే. ఆకు తొడిమ, నడిమి ఈనె నుంచి డీఎన్‌ఏ తీసి, బ్యాక్టీరియాలను గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ అనే జన్యువును బట్టి ఏ గుంపుదో చూస్తారు. ఈ క్రిమి, అంటే ఫైటోప్లాస్మా, తీగంతా సమానంగా ఉండదు కాబట్టి గుర్తులున్న కొమ్మ నుంచే నమూనా ఇవ్వాలి. బాగున్న కొమ్మది ఇచ్చి 'లేదు' అని రిపోర్టు తెచ్చుకుంటే లాభం లేదు. ఫొటో చూసి తెగులు పేరు, మందు పేరు చెప్పేవాళ్లను నమ్మకండి, అది నేనైనా సరే.

బ్యాక్టీరియానే కదా, యాంటీబయాటిక్ వేస్తే పోదా అంటారేమో. పెన్సిలిన్ దెబ్బకొట్టేది కణం గోడను, దీనికి గోడే లేదు. టెట్రాసైక్లిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌తో గుర్తులు తగ్గినా, ఆపగానే మళ్లీ వస్తాయి. మా దగ్గరున్న వేపనూనె పచ్చదోమకు పనికొస్తుంది గానీ ఈ తెగులును నయం చేయదు. దీని పేరు చెప్పి ఒక్క సీసా కూడా అమ్మను.

ఇక మా పద్ధతి. మీరు తెచ్చే కటింగ్స్ తీసుకుని బదులు మొక్క ఇచ్చే అలవాటు ఆపేస్తున్నాను. పాత అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష తీగలున్నవాళ్లకు కోపం వస్తుందని తెలుసు. కానీ అంటు కట్టడానికి అడుగున వాడే అమెరికా జాతి వేరు మొక్కలు కొన్నింటిలో క్రిమి ఉన్నా పైకి ఏమీ కనిపించదు. దాన్ని చంపడానికి విదేశీ నర్సరీల్లో కటింగ్స్‌ను 50 డిగ్రీల నీళ్లలో 45 నిమిషాలు ఉంచుతారు. వేడి కాస్త పెరిగితే మొగ్గలు చస్తాయి, తగ్గితే క్రిమి బతుకుతుంది. గ్యాస్ పొయ్యి మీద గంగాళం పెట్టి నేనూ చేశానని చెప్పుకోలేను.

మహారాష్ట్ర నుంచి ఇకపై బిల్లు, లాట్ నంబర్ ఉన్న అంట్లే తెస్తాను. వాటిని వల కింద విడిగా పెంచి, కొమ్మ ముదిరాకే అమ్ముతాను. ధర పెరుగుతుంది, ఈ దసరాకు ద్రాక్ష మొక్కలు ఉండవు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు డబ్బులు వెనక్కి తీసుకోవచ్చు, లేదంటే ఆ లెక్కలో జామ, దానిమ్మ తీసుకోవచ్చు.