ఆవకాయ, మాగాయ ధరలు పెరగడం గురించి మా ఖాతాదారులకు

ఈ వేసవి నుంచి మా ఆవకాయ, మాగాయ ధరలను కిలోకు 30 రూపాయల చొప్పున పెంచాము. కాయ, నూనె అంత ప్రియం కాలేదు కదా, మరి ఈ పెంపు ఎందుకని పలువురు అడిగారు. పెరిగినది కూలి.

ముక్కలు కొట్టేవారికి కాయల లెక్కన, జీడి తీసి, టెంక లోపలి పల్చని పొర ఒలిచి, పొడిగుడ్డతో తుడిచేవారికి కిలోల లెక్కన డబ్బు ఇవ్వడం మా వ్యాపారంలో ఆనవాయితీ. చేయి తిరిగినవారికి అది లాభసాటే. కానీ మామిడికాయల లోడు మధ్యాహ్నం దాకా రాకపోతే, పొద్దుటే వచ్చి కూర్చున్న మనిషికి ఆ ఖాళీ గంటలకు పైసా రాదు. పెద్ద వయసువారికైతే సాయంత్రం వరకు వంగి పనిచేసినా రోజు కూలి గిట్టదు. ఇలా కాయల, కిలోల లెక్కన పని చేయించుకొన్నా, ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకూడదన్న నియమం 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే ఉంది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ అనే కొత్త చట్టంలోనూ ఉంది. అందుకే ఇప్పుడు అందరికీ రోజు కూలి స్థిరంగా ఇస్తూ, ఎక్కువ పని చేసినవారికి పైన కొంత కలుపుతున్నాము.

కనీస వేతనాన్ని ఎలా లెక్కకట్టాలో ప్రభుత్వం, యజమానులు, కార్మికుల ప్రతినిధులతో 1957లో జరిగిన భారత కార్మిక సదస్సు చెప్పింది: కార్మికుని కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా (ఒక పెద్ద మనిషి వాడకం ఒక యూనిట్) తీసుకొని, ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, అద్దె, వంటచెరకు వగైరా. పిల్లల చదువు, వైద్యం వంటి వాటికి మొత్తం కనీస వేతనంలో 25 శాతం ఉండాలని 1991లో సుప్రీంకోర్టు అన్నది. మా దగ్గర పనిచేసేవారిలో చాలామంది ఇళ్ళకు వేసవి నాలుగు నెలల సంపాదనే ఏడాది పొడుగునా ఆసరా కాబట్టి, ఈ లెక్కలోని ప్రతి పద్దూ వారికి అక్కరకు వచ్చేదే.

స్థిరమైన రోజు కూలి వల్ల అందరికీ మేలే జరిగిందని మాత్రం అనలేను. పాతవారిని ఎవరినీ మాన్పించలేదు గానీ, సీజను ముమ్మరంగా ఉన్నప్పుడు అదనంగా పిలిచే కొత్తవారిని ఈసారి తగ్గించాము. పని నేర్చుకొందామని వచ్చిన ఇద్దరు ముగ్గురిని తిప్పి పంపక తప్పలేదు. ధర ఇంకా పెంచితే అమ్మకం పడిపోతుంది, అప్పుడు పాతవారికీ పని దినాలు తగ్గుతాయి. నా లాభంలో కొంత వదులుకొని 30 రూపాయల దగ్గర ఆగినది అందుకే.

పాత ధరకు తీసుకొన్న ఆర్డర్లను ఆ ధరకే పంపుతాము. ఏడాది పొడుగునా నెల జీతగాళ్ళే చేసే గోంగూర, పండుమిర్చి పచ్చళ్ళ ధరల్లో మార్పు లేదు.